అవసరం నుంచి అభిరుచికి: ఆత్మకూరు ప్రాంత నేపథ్యంలో పాత పిస్తోలు – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
రాయలసీమలో ఆయుధం అనగానే పాలెగాళ్లు, ముఠాకక్షలు గుర్తుకురావడం సహజం. లోహపు చట్రం గల పాత పిస్తోలును చట్టబద్ధంగా కొని, గురిపందెం కోసం కాల్చే అభిరుచికి ఆ జ్ఞాపకంలో చోటు లేదు. నల్లమల అంచున ఉన్న ఆత్మకూరు ప్రాంతాన్ని నేపథ్యంగా తీసుకొని, ఈ అభిరుచికి ఎదురైన చారిత్రక, చట్టపరమైన పరిమితులను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఆయుధానుమతిని ప్రధానంగా భయంతో కొలిచే పద్ధతి కొనసాగినంతకాలం పిస్తోలు క్రీడాసాధనంగా స్థిరపడలేదని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: ఆత్మకూరు, నల్లమల, పాలెగాళ్లు, ఆయుధాల చట్టం, పాత పిస్తోలు, గురిపందెం.

1. ఉపోద్ఘాతం:
ఆత్మకూరు పేరుతో తెలుగునాట పలు ఊళ్లున్నాయి. ఈ వ్యాసానికి నేపథ్యమైన ఆత్మకూరు శ్రీశైలం దారిలో, నల్లమల అడవికి చేరువలో ఉన్న పట్టణం. 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా ఏర్పడే వరకు ఇది కర్నూలు జిల్లాలో భాగంగా ఉండేది. ఒకవైపు మెట్టపొలాలు, మరొకవైపు అడవి ఉన్న ఈ ప్రాంతంలో ఆయుధానికి భిన్నమైన అర్థాలు ఏర్పడ్డాయి. చెంచులకు విల్లంబులు జీవనసాధనం. రైతుకు మందు దట్టించి పేల్చే నాటు తుపాకి పంటకు కాపలా. గ్రామాధిపత్యం కోరేవారికి ఆయుధం హోదాకు గుర్తు. వినోదం కోసం, నైపుణ్యం కోసం ఆయుధం పట్టడం వీటన్నిటి తర్వాత వచ్చిన భావన.

తెలుగులో ఆయుధాలకు స్థిరపడిన పేర్లు కూడా ఈ చరిత్రను సూచిస్తాయి. ‘ఫిరంగి’ అన్న మాట పరంగివారిని, అంటే ఐరోపావారిని, గుర్తుచేస్తుంది. ‘తుపాకి’ తురుష్క, పారశీక భాషల నుంచి వచ్చిన పదం. ‘పిస్తోలు’ ఐరోపా భాషల నుంచి వచ్చింది. కత్తి, బల్లెం, విల్లు, అమ్ము వంటి మాటల సరసన ఇవి చేరడం యుద్ధవిధానంలో వచ్చిన మార్పునకు భాషాపరమైన ఆధారం.

2. నిరాయుధీకరణ నేపథ్యం:
1800లో నిజాం దత్తమండలాలను ఈస్టిండియా కంపెనీకి అప్పగించాడు. ఆ మండలాలకు ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో ఎదుర్కొన్న తొలి సమస్య సుమారు 80 మంది పాలెగాళ్లు. కోటలు, సాయుధ బంట్లు వారి అధికారానికి ఆధారం. సైన్యబలంతో వారిని లొంగదీసి, సాయుధబలాన్ని తొలగించి, కొందరికి పింఛన్లు ఏర్పాటుచేయడం కంపెనీ అనుసరించిన మార్గం. ఆయుధాన్ని వదులుకోవడమంటే అధికారాన్ని వదులుకోవడమే అన్న భావం ఈ ప్రాంతంలో అప్పటి నుంచే బలపడింది.

ఆత్మకూరు పరిసరాలు మాత్రం మరికొంతకాలం కర్నూలు నవాబు ఏలుబడిలో ఉన్నాయి. 1839లో నవాబు గులాం రసూల్ ఖాన్ కర్నూలు కోటలో ఫిరంగులను, ఆయుధసామగ్రిని పెద్దఎత్తున రహస్యంగా కూడబెట్టాడన్న అనుమానంతో కంపెనీ విచారణ జరిపింది. కోటలో ఆయుధ నిల్వలు బయటపడ్డాయి. ఆ ఏడాది అక్టోబరులో జోహరాపురం వద్ద జరిగిన పోరులో నవాబు పట్టుబడ్డాడు. ఆయనను తిరుచిరాపల్లికి పంపి, రాజ్యాన్ని కంపెనీ స్వాధీనం చేసుకుంది. ఒక సంస్థానం అంతరించడానికి ఆయుధాల నిల్వే కారణంగా చూపబడిన సందర్భమిది.

ఏడేళ్ల తర్వాత, 1846లో, ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కోయిలకుంట్ల ఖజానాపై దాడి చేశాడు. ఆయన వెంట నడిచినవారిలో మాన్యాలు కోల్పోయిన కట్టుబడి బంట్లు ఉన్నారు. నల్లమల కొండలు ఆ తిరుగుబాటుదారులకు ఆశ్రయమిచ్చాయి. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఆయనను ఉరితీశారు. ఈ ఘటనలన్నిటినీ కలిపి చూస్తే, రాయలసీమలో ప్రజల చేతిలోని ఆయుధాన్ని పాలకులు మొదటి నుంచి తిరుగుబాటు సంకేతంగానే చూశారని స్పష్టమవుతుంది.

3. చట్టం – హక్కు – అనుమతి:
1857 తిరుగుబాటు తర్వాత ఆయుధాలపై ఆంక్షలు దేశవ్యాప్తమయ్యాయి. 1878 నాటి ఆయుధాల చట్టం అనుమతిపత్రాన్ని తప్పనిసరి చేసింది. ఆచరణలో ఐరోపావారికి మినహాయింపులు లభించగా, భారతీయులు అధికారుల దయపై ఆధారపడవలసి వచ్చింది. 1887లో మద్రాసులో జరిగిన కాంగ్రెసు మహాసభ ఈ చట్టాన్ని సవరించాలని కోరింది. 1931 నాటి కరాచీ తీర్మానం, నిబంధనలకు లోబడి ఆయుధం కలిగి ఉండే హక్కును పౌరహక్కుల జాబితాలో చేర్చింది. అయితే స్వతంత్ర భారత రాజ్యాంగంలో అది ప్రాథమిక హక్కుగా చోటుచేసుకోలేదు.

1959లో వచ్చిన ఆయుధాల చట్టం 1962 అక్టోబరు 1న అమల్లోకి వచ్చింది. దీనిలోని 13వ సెక్షన్ ఈ పరిశీలనకు కీలకం. రక్షణ లేదా క్రీడ కోసం పొడవాటి నున్నని గొట్టం తుపాకి, నిజమైన పంటరక్షణ కోసం మందు దట్టించే తుపాకి, గుర్తింపు పొందిన రైఫిల్ క్లబ్బు సభ్యులకు గురిసాధన కోసం .22 రైఫిల్ లేదా గాలితుపాకి – ఈ సందర్భాలను చట్టం పేరుపెట్టి పేర్కొన్నది. పిస్తోలు ఈ జాబితాలో లేదు. అది ‘ఇతర’ వర్గానికి చెందుతుంది. కోరుకున్న వ్యక్తికి తగిన కారణం ఉన్నదని అధికారి సంతృప్తి చెందాలి. ఆచరణలో ఆ తగిన కారణంగా ఎక్కువగా ముందుకు వచ్చేది ప్రాణభయం. అంటే రైతుకు పంట, క్లబ్బు సభ్యుడికి రైఫిల్ గురి చట్టం గుర్తించిన కారణాలు కాగా, పిస్తోలు కోరేవాడు తనకు శత్రువు ఉన్నాడని చూపవలసిన స్థితి ఏర్పడింది.

4. పాత పిస్తోలు విలువ:
1980ల మధ్యలో సామాన్యులకు విదేశీ ఆయుధాల దిగుమతిపై కఠినమైన ఆంక్షలు వచ్చాయి. 9 ఎం.ఎం. పిస్తోలు నిషిద్ధ శ్రేణికి చెందినది కాబట్టి సాధారణ అనుమతితో లభించదు. అందువల్ల .32 శ్రేణికి గిరాకీ పెరిగింది. కాన్పూరులో తయారయ్యే .32 రివాల్వరు, దేశీయమైన ‘అశని’ పిస్తోలు అందుబాటులో ఉన్నా, అంతకుముందే దేశంలోకి వచ్చిన వెబ్లీ, కోల్ట్, బ్రౌనింగ్, వాల్తర్ వంటి విదేశీ ఆయుధాలకు ప్రత్యేక విలువ ఏర్పడింది. విదేశంలో సామాన్యమైన ధర పలికే పాత వస్తువు ఇక్కడ అనేక రెట్లు పలకడానికి అరుదుగా దొరకడమే కారణం.

వీటిలో కోల్ట్ 1903, బ్రౌనింగ్ 1910, 1929లో వచ్చిన వాల్తర్ పీపీ లోహపు చట్రంతో చేసినవి. 1982లో ఆస్ట్రియాకు చెందిన గ్లాక్ 17 వచ్చాక ప్లాస్టిక్ వంటి పాలిమర్ చట్రం ప్రపంచమంతా వ్యాపించింది. తేలికదనం దాని గుణం. గురిసాధకుడికి మాత్రం బరువు తరచు మేలు చేస్తుంది. పేలినప్పుడు చేతికి తగిలే వెనుకటి తాకిడిని బరువైన ఉక్కుచట్రం కొంత తగ్గిస్తుంది. గొట్టం మొన పైకి లేవడం తగ్గి, రెండో గుండుకు గురి త్వరగా కుదురుతుంది. అయితే పాత ఆయుధానికి అలసిన స్ప్రింగులు, తుప్పు, గొట్టంలోపలి అరిగిన గాళ్లు, చట్రంపై సన్నని పగుళ్లు సహజమైన లోపాలు. నిపుణుడైన ఆయుధకారుడు పరీక్షించనిదే దానిని కాల్చడం ప్రమాదకరం.

కొనుగోలుకు కూడా చట్టం ఒక క్రమాన్ని నిర్దేశించింది. అమ్మేవాడు, కొనేవాడు ఇద్దరూ అర్హులై ఉండాలి. వ్యక్తిగతంగా అమ్మదలచిన వ్యక్తి జిల్లా మేజిస్ట్రేటుకు గాని, సమీప పోలీసుస్టేషను అధికారికి గాని లిఖితపూర్వకంగా తెలిపి, కనీసం 45 రోజులు ఆగాలి. గుర్తింపు సంఖ్య చెరిపిన ఆయుధాన్ని అమ్మడం, కలిగి ఉండడం నేరం. 2019 సవరణ ఒక వ్యక్తి ఉంచుకోదగిన తుపాకుల సంఖ్యను మూడు నుంచి రెండుకు తగ్గించింది. మూడోదాన్ని ఏడాదిలోగా అప్పగించవలసి వచ్చింది. క్రీడాకారులకు వేరే మినహాయింపులున్నాయి. వారసత్వంగా వచ్చిన తుపాకులున్న కుటుంబాల్లో ఏది ఉంచుకోవాలి, ఏది వదులుకోవాలి అన్న ప్రశ్న ఈ సవరణతో తలెత్తింది.

5. అడవి, ముఠాకక్ష, అభిరుచి:
ఆత్మకూరు ప్రాంతంలో పై నియమాలకు మరొకటి తోడవుతుంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటకు దాదాపుగా తెరదించింది. అదే చట్టంలోని 34వ సెక్షన్ ప్రకారం అభయారణ్యానికి పది కిలోమీటర్ల లోపు నివసించే ఆయుధానుమతిదారులు తమ పేర్లు నమోదు చేసుకోవాలి. ఆ పరిధిలో కొత్త అనుమతికి ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి సమ్మతి ముందుగా ఉండాలి. 1983లో నాగార్జునసాగర్–శ్రీశైలం అరణ్యం పులుల సంరక్షణ కేంద్రమైంది. ఆత్మకూరు అటవీ డివిజను అందులో భాగం. కాబట్టి అడవి అంచు గ్రామంలో ఆయుధం కోరే వ్యక్తి పోలీసుశాఖకే గాక అటవీశాఖకు కూడా జవాబుదారీ. పులి ఉన్న అడవికి ఈ నియమం అవసరమే.

మరొక అడ్డంకి సామాజిక జ్ఞాపకం. సీమ ముఠాకక్షల్లో వేటకొడవలి, నాటుబాంబు ప్రధాన ఆయుధాలుగా పేరుపొందాయి. ఎన్నికల సమయంలో అనుమతి గల తుపాకులను కూడా పోలీసుస్టేషనులో అప్పగించడం పరిపాటి. ఈ వాతావరణంలో పిస్తోలు కొన్న వ్యక్తిని చూసి ‘ఇతనికి ఎవరితో పగ?’ అన్న ప్రశ్నే ముందు వస్తుంది. సినిమాలు ఆ ముద్రను మరింత బలపరిచాయి.

పోలిక కోసం అమెరికాలోని తెలుగువారిని గమనించవచ్చు. అక్కడ శాశ్వత నివాసహక్కు గలవారు పాత పిస్తోలును దుకాణంలో కొనగలరు. తాత్కాలిక ఉద్యోగ వీసాపై ఉన్నవారికి మాత్రం, వేట అనుమతిపత్రం వంటి మినహాయింపు ఉంటే తప్ప, సమాఖ్య చట్టం తుపాకి కలిగి ఉండడాన్ని నిషేధిస్తుంది. ఆయుధాలు విస్తారంగా ఉన్న దేశంలో సైతం ఎవరి చేతిలో అన్న ప్రశ్న తొలగిపోలేదు.

6. క్రీడామార్గం:
1951లో జాతీయ రైఫిల్ సంఘం ఏర్పడింది. దాని తొలి అధ్యక్షుడు జి.వి. మావలంకర్. 2012 లండన్ ఒలింపిక్సులో హైదరాబాదుకు చెందిన గగన్ నారంగ్ గాలిరైఫిల్ పోటీలో కాంస్యం గెలిచాడు. 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడల్లో హైదరాబాదు యువతి ఈషా సింగ్ 25 మీటర్ల పిస్తోలు జట్టు పోటీలో స్వర్ణం, వ్యక్తిగత పోటీలో రజతం సాధించింది. పిస్తోలు పగకు సంబంధం లేని నైపుణ్యం కాగలదని తెలుగు సమాజానికి ఈ విజయాలు చూపాయి. అయితే అవి మహానగరపు శిక్షణ వసతుల నీడలో పెరిగిన విజయాలు. నల్లమల అంచున ఉన్న పట్టణపు యువతకు ఆ వసతి అంత దగ్గరలో లేదు.

2016 నాటి ఆయుధ నిబంధనలు దీనికొక దారి చూపుతున్నాయి. తక్కువ శక్తి గల .177 గాలిపిస్తోలుకు ఆయుధానుమతి అక్కర లేదు. 10 మీటర్ల పోటీకి వాడే పిస్తోలు బరువు 1500 గ్రాములు మించరాదు. దాని ట్రిగ్గరు కనీసం 500 గ్రాముల ఒత్తిడికి నిలవాలి. పది మీటర్ల గది, వెనుక గుండును ఆపే రక్షణ, అనుభవజ్ఞుడైన శిక్షకుడు – ఈ మూడు ఉంటే సాధన మొదలవుతుంది. ఆ క్రమశిక్షణ అలవడిన తర్వాతే ఉక్కు పిస్తోలు వైపు సాగడం ఉచితం.

7. ముగింపు:
మన్రో నాటి నుంచి నేటివరకు ఆయుధాన్ని గూర్చి పాలకులు అడిగిన ప్రశ్న ఒక్కటే: ‘ఇది నీకెందుకు?’ పాలెగాడు అధికారం అన్నాడు, రైతు పంట అన్నాడు, ముఠానాయకుడు ప్రాణభయం అన్నాడు. ‘గురి కోసం’ అన్న సమాధానానికి సీమలో ఇంకా బలం చేకూరలేదు. నియంత్రణను సడలించడం ఇందుకు పరిష్కారం కాదు. రక్తచరిత్ర గల ప్రాంతంలో, పులుల అడవి పక్కన, కఠినమైన చట్టం ఉండవలసిందే. అయితే భయం చూపినవారికి పిస్తోలు దొరికి, క్రమశిక్షణ చూపినవారికి శిక్షణాకేంద్రమైనా దొరకకపోవడం ఆ చట్టం ఉద్దేశానికి విరుద్ధం. ఆత్మకూరు వంటి పట్టణాల్లో పర్యవేక్షణ గల గురిసాధన కేంద్రాలు ఏర్పడితే, పాత పిస్తోలు పగకు గుర్తుగా గాక నైపుణ్యానికి సాధనంగా నిలిచే అవకాశం ఉంటుంది.