కరివేపాకు పేరులో ఒక మనిషి

మా ఇంట్లో భోజనాలయ్యాక కంచాలు తీస్తుంటే ప్రతి కంచం అంచునా కరివేపాకు వరసగా పేర్చి ఉంటుంది. పులుసులోంచి, పోపులోంచి ఏరి ఏరి పెడతారు. మొన్న నర్సరీ నుంచి కరివేప మొక్క తెచ్చాం. దానికి కట్టిన చీటీ మీద 'ముర్రాయా కోనిగీ' అని ఉంది. "కోనిగీ అంటే ఏంటమ్మా?" అని అడిగింది మా అమ్మాయి.

అది ఒక మనిషి పేరు. యోహాన్ గెర్హార్డ్ కోనిగ్ బాల్టిక్ సముద్ర ప్రాంతంలో 1728లో పుట్టిన వైద్యుడు, లిన్నేయస్ శిష్యుడు. 1768లో తమిళ తీరంలోని డేనిష్ వాళ్ళ తరంగంబాడికి వచ్చి, ఇక్కడి మొక్కలు సేకరించి గురువుకి పంపేవాడు. 1771లో లిన్నేయస్ మన కరివేపకు శిష్యుడి పేరు కలిపి 'బెర్గేరా కోనిగీ' అన్నాడు. తర్వాతి వాళ్ళు ముందు మాట మార్చారు కానీ, కోనిగ్ మాత్రం అలాగే ఉండిపోయాడు.

ఆయన కన్నుమూసింది మన కాకినాడలోనే! 1785 జూన్‌లో, జగన్నాథపురంలో, జిగట విరేచనాలతో. కడుపు బాగోకపోతే మన ఇళ్ళలో కరివేపాకు నూరి మజ్జిగలో కలిపి ఇవ్వడం అలవాటే. కానీ ఆ జబ్బుకు అది చాలదు. రక్తం పడినా, జ్వరం వచ్చినా డాక్టరు దగ్గరికి వెళ్ళాల్సిందే.

ఆహారంగా మాత్రం ఇది గట్టిదే. 100 గ్రాముల పచ్చి ఆకులో క్యాల్షియం 600 మిల్లీగ్రాములకు పైనే ఉంటుంది. విటమిన్ ఎ గా మారే బీటా కెరోటిన్ కూడా ఉంది. అది ఒంటికి పట్టాలంటే కాస్త నూనె తోడుండాలి. అయితే పోపులో వేసే రెండు రెబ్బలతో ఒరిగేది కొంచెమే, అదీ ఏరి పారేస్తే అసలేమీ లేదు. అందుకే మా అత్తయ్య పొడి కొట్టేవారు. ఆకు కడిగి నీడన ఆరబెట్టి, మినప్పప్పు, ధనియాలు, ఎండుమిర్చితో వేయించి, చింతపండు, ఉప్పు వేసి దంచేవారు. వేడన్నంలో ఆ పొడి, ఒక చెంచా నెయ్యి.

"కూరలో కరివేపాకులా తీసిపారేశారు" అంటూ ఉంటాం. ఇంట్లో అందరికీ వండి పెట్టి చివర్న తినే ఆడవాళ్ళకి ఆ మాటలోని బాధ బాగా తెలుసు. మనం రోజూ తలచుకోని కోనిగ్ కథా అలాంటిదే.

నిన్న మా అమ్మాయి కంచం ముందు కూర్చుని, "అమ్మా, కోనిగ్ గారి పొడి వెయ్యి" అంది. కంచం అంచున ఒక్క ఆకూ మిగల్లేదు.