అక్విడక్టు మీద మంచు, ఆకాశంలో విమానం

ప్రతి సంక్రాంతి ముందూ మన ఫోన్లలో ఒక వార్త తప్పకుండా తిరుగుతుంది. "పొగమంచు... గన్నవరంలో దిగలేక గాల్లో చక్కర్లు కొట్టిన విమానం." అది చూడగానే కోనసీమలో ఎవరో ఒకరు అంటారు, "మన ఊళ్లో ఎయిర్‌పోర్టు ఎప్పుడు కట్టారండీ?" అని. ఆ గన్నవరం కృష్ణా జిల్లాది, విజయవాడ ఎయిర్‌పోర్టు ఉన్న ఊరు. మనది పి.గన్నవరం. మనవాళ్లు విమానం ఎక్కేది రాజమండ్రి పక్కన మధురపూడిలో. కానీ మంచులో విమానం ఎందుకు దిగదో తెలియాలంటే మాత్రం మన పి.గన్నవరం అక్విడక్టు దగ్గర నిలబడితే చాలు.

కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన రోజుల్లోనే, 1850ల మొదట్లో, వైనతేయ మీద ఈ పాత అక్విడక్టు కట్టారు. కింద నది, పైన కాలువ. మొత్తం 49 ఖానాలు, ఒక్కోటి 40 అడుగులు. మధ్య స్తంభాలతో కలిపి పొడవు 2,248 అడుగులు, అంటే సుమారు 685 మీటర్లు.

పుష్యమాసంలో తెల్లవారుజామున అక్కడికి వెళ్లండి. రాత్రంతా ఆకాశం నిర్మలంగా ఉంది, గాలి లేదు, నేల చల్లబడిపోయింది. నది, కాలువలు, వరిచేలు... ఎటు చూసినా తేమే. ఆ తేమంతా నేలకి దగ్గరగా పొగమంచై కూర్చుంటుంది. అప్పుడు ఈ చివర నిలబడి, ఎన్ని ఖానాలు కనిపిస్తున్నాయో లెక్కపెట్టండి. పైలట్ అడిగేదీ సరిగ్గా అదే ప్రశ్న: రన్‌వే ఎంత దూరం కనిపిస్తోంది?

దీనికి ప్రపంచమంతా ఒప్పుకున్న లెక్కలున్నాయి. ఐఎల్‌ఎస్ అనే వ్యవస్థ రన్‌వే దగ్గర నుంచి రెండు రేడియో కిరణాలు పంపుతుంది. ఒకటి కుడి ఎడమలు చెబుతుంది, రెండోది ఎంత ఏటవాలుగా దిగాలో చెబుతుంది. ఇందులో మామూలు స్థాయి కేటగిరీ-1. దానికి కనీసం 550 మీటర్లు కనిపించాలి. మన లెక్కలో 39 ఖానాలు. పైలట్ 200 అడుగుల ఎత్తుకి వచ్చేసరికి, అంటే మూడు కొబ్బరిచెట్లు ఒకదానిమీద ఒకటి నిలబెట్టినంత ఎత్తులో, రన్‌వే లైట్లు కళ్లకి కనపడాలి. కనపడకపోతే ఇంకేం ఆలోచన లేదు, మళ్లీ పైకి లేపేయాల్సిందే. ఆ వేగంలో 550 మీటర్లు దాటడానికి ఎనిమిది సెకన్లు కూడా పట్టదు మరి.

ఈ పద్ధతులు ఒక్కరోజులో పుట్టలేదు. 1929 సెప్టెంబరు 24న అమెరికాలో జిమ్మీ డూలిటిల్ అనే పైలట్, కాక్‌పిట్‌కి ముసుగు కప్పేసుకుని, బయట ఏమీ చూడకుండా కేవలం మీటర్లు చూస్తూ విమానం లేపి, తిప్పి, దింపాడు. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ వాళ్లు ఇంకో దారి పట్టారు. రన్‌వేకి రెండు పక్కలా గొట్టాల్లో పెట్రోలు మండించి, ఆ వేడికి మంచుని కరిగించేవారు! పని చేసింది గానీ, ఆ ఖర్చు యుద్ధానికే చెల్లింది. 1965 జూన్‌లో లండన్ హీత్రోలో ట్రైడెంట్ అనే ప్రయాణికుల విమానం ఆటోమేటిక్‌గా నేలని తాకింది. ఇవాళ ఢిల్లీలో ఉన్న కేటగిరీ-3బి ఆ దారిలో వచ్చిందే. అక్కడ 50 మీటర్లు కనిపించినా దిగొచ్చు. మన లెక్కలో మూడున్నర ఖానాలు!

మరి అది మనకెందుకు పెట్టరు? ఆ స్థాయి ఎయిర్‌పోర్టులు దేశం మొత్తంలో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ప్రత్యేక లైట్లు కావాలి, క్షణం కూడా ఆగని కరెంటు కావాలి, విమానానికీ పైలట్లకీ కూడా ఆ అర్హత ఉండాలి. ఢిల్లీలో మంచు రోజుల తరబడి కమ్ముకుంటుంది. మనకి ఎండెక్కితే విడిపోతుంది. ఆ కొన్ని ఉదయాల కోసం అంత ఖర్చా అన్నది లెక్క.

మధ్యలో ఒక దారి వచ్చింది. ఇస్రో, ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ కలిసి తయారుచేసిన 'గగన్' ఉపగ్రహ వ్యవస్థ. 2022 ఏప్రిల్ 28న రాజస్థాన్‌లోని కిషన్‌గఢ్‌లో ఇండిగో ఏటీఆర్ విమానం గగన్ సాయంతో దిగింది. చిన్న ఎయిర్‌పోర్టులకి ఇది మంచి కబురే. కానీ చిక్కటి మంచుకి ఇదీ మందు కాదు. చివరి 250 అడుగుల దగ్గర మళ్లీ కళ్లే దిక్కు.

"కొంచెం రిస్క్ తీసుకుని దింపేయొచ్చుగా" అనేవాళ్లకి ఒక్క తేదీ చెబుతాను. 1977 మార్చి 27, స్పెయిన్‌కి చెందిన టెనెరిఫె దీవి. పక్క దీవి ఎయిర్‌పోర్టులో బాంబు పేలిందని విమానాలన్నీ ఈ చిన్న ఎయిర్‌పోర్టుకి మళ్లించారు. మంచు కమ్మింది. ఆలస్యమవుతోందని తొందర. ఒక బోయింగ్ 747 అనుమతి లేకుండానే పరుగందుకుని, రన్‌వే మీదున్న ఇంకో 747ని గుద్దింది. 583 మంది చనిపోయారు. విమానయాన చరిత్రలో ఒక్క ప్రమాదంలో ఇంతమంది పోయింది ఇంకెక్కడా లేదు.

అందుకే విమానం మధురపూడి మీద రెండు చక్కర్లు కొట్టి విశాఖకో హైదరాబాద్‌కో వెళ్లిపోయిందంటే, అది ఓడిపోయినట్టు కాదు. పక్క ఎయిర్‌పోర్టుకి వెళ్లేంత ఇంధనం, దానిపైన ఇంకో అరగంటకి సరిపడా ఇంధనం ముందే పోసుకుని బయలుదేరతారు. వెనక్కి తిరగడం కూడా ప్లానులో భాగమే.

అయితే మన బాధ మనకుంది. అమలాపురం, రాజోలు వైపు నుంచి గల్ఫ్‌కి వెళ్లే అక్కలు, అన్నలు ఎంతమందో. రాజమండ్రి విమానం రెండు గంటలు లేటైతే హైదరాబాద్‌లో కువైట్ విమానం ఎగిరిపోతుంది. కాబట్టి డిసెంబరు, జనవరి నెలల్లో పొద్దున్నే మొదటి విమానాన్ని నమ్ముకోకండి. రెండు ప్రయాణాలూ ఒకే టికెట్ మీద, ఒకే పీఎన్‌ఆర్‌తో తీసుకోండి. విడివిడిగా తీసుకుంటే రెండో కంపెనీకి మీ మంచుతో సంబంధం ఉండదు. మంచు వల్ల విమానం రద్దయితే నష్టపరిహారం రాదు గానీ, వేరే విమానమో డబ్బు వాపసో అడిగే హక్కు మీకుంది. గట్టిగా అడగండి.

ఈసారి వార్త వచ్చినప్పుడు పైలట్‌ని తిట్టే ముందు ఒక్కసారి మన అక్విడక్టుని గుర్తు తెచ్చుకోండి. మంచులో బండి మీద దాన్ని దాటేటప్పుడు మీరూ స్పీడు తగ్గిస్తారు కదా. గాల్లో ఉన్నాయన బండి ఆపలేడు, అందుకే వెనక్కి తిప్పుతాడు. ఉంటానండి, వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.