కృష్ణా మండలపు వంటలో మిరపకు ముందు, తరువాత

గుత్తివంకాయ కూరను విజయవాడ పరిసరాలవారు తమ అనాది వంటగా భావిస్తారు. అందులో వంకాయ ఈ దేశపు పంటే. కారం మాత్రం కాదు. మిరప జన్మస్థానం అమెరికా ఖండం. 1498లో వాస్కో డ గామా మలబారు తీరం చేరిన తరువాతి కాలంలో, పోర్చుగీసు వర్తకుల ద్వారా అది భారతదేశానికి వచ్చింది. అంతకుముందు కూరలకు ఘాటునిచ్చినది ప్రధానంగా మిరియం. కొత్త కాయకు తెలుగులో ఏర్పడిన పేరు సైతం ఆ పాత ద్రవ్యాన్ని అనుసరించినదే.

ఆండీస్ పర్వతాల దుంప రాయలసీమలో ‘ఉర్లగడ్డ’, కృష్ణా మండలంలో ‘బంగాళాదుంప’. ఈ రెండవ పేరు పంట పుట్టిన చోటును కాక, అది వచ్చిందని జనం తలచిన దిక్కును చెబుతుంది.

ఆచారనిష్ఠ గల కొన్ని కుటుంబాలలో తద్దినం వంటకు నేటికీ మిరియాలే వాడతారు. అరటి, కంద, చేమ వండుతారు. బంగాళాదుంప, క్యాబేజీ వండరు. దీనిని శాస్త్రనిషేధమని చెప్పుకోవడం పరిపాటి. కాని ప్రాచీన స్మృతికర్తలు మిరపకాయను ఎరుగరు. ఎరుగని కాయను నిషేధించి ఉండరు. కనుక తద్దినం వంటను కేవలం మడికి సంబంధించిన విషయంగా గాక, పదహారవ శతాబ్దికి పూర్వపు తెలుగు వంటకు మిగిలిన ఆధారాలలో ఒకటిగా పరిశీలించవలసి ఉంది.