విలియమ్ బోమాంట్

విలియమ్ బోమాంట్ (నవంబరు 21, 1785 – ఏప్రిల్ 25, 1853) అమెరికా సంయుక్త రాష్ట్రాల సైన్యంలో శస్త్రవైద్యుడుగా పనిచేసి, తరువాత సైన్యాన్ని వీడి సొంతంగా వైద్యవృత్తి సాగించిన వ్యక్తి. ఈయన ఏ వైద్య కళాశాలలోనూ చదువుకోలేదు. అయినప్పటికీ, తుపాకీ గాయం వలన పొట్టలో రంధ్రం మిగిలిపోయిన ఒక రోగిపై ఈయన జరిపిన ప్రయోగాలు మానవ జీర్ణక్రియను గురించిన ఆధునిక జ్ఞానానికి పునాది వేశాయి. ఆ రోగి పేరు అలెక్సిస్ సెయింట్ మార్టిన్. వీరిద్దరి సంబంధం వైద్య నీతిశాస్త్రంలో నేటికీ చర్చనీయాంశమే.

బాల్యం, వైద్య శిక్షణ

కనెక్టికట్ రాష్ట్రంలోని లెబనాన్ అనే ఊరిలో ఒక రైతు కుటుంబంలో బోమాంట్ జన్మించాడు. ఇరవై ఒకటవ ఏట ఒక గుర్రపు బండి, ఒక పీపా ఆపిల్ సారాయి, నూరు డాలర్లతో ఇల్లు విడిచి, కెనడా సరిహద్దు దగ్గరి షాంప్లేన్ గ్రామం చేరి బడిపంతులుగా కుదిరాడు. తీరిక వేళల్లో వైద్య గ్రంథాలు ఎరువు తెచ్చుకొని చదివేవాడు. 1810లో వెర్మాంట్‌లోని సెయింట్ ఆల్బన్స్‌లో బెంజమిన్ చాండ్లర్ అనే వైద్యుని వద్ద శిష్యుడుగా చేరాడు. ఆ కాలపు అమెరికాలో పల్లె వైద్యులు ఎక్కువగా ఇలాగే తయారయ్యేవారు. గురువు ఇంట ఉండి, మందులు నూరి, రోగుల ఇళ్ళకు వెంట వెళ్ళి, చూచి నేర్చుకొనడమే చదువు. 1812 జూన్‌లో ఈయనకు వైద్యం చేయడానికి అనుమతి లభించింది.

సైన్యంలో

అదే సంవత్సరం బ్రిటన్‌తో యుద్ధం మొదలుకాగా బోమాంట్ శస్త్రవైద్య సహాయకుడుగా సైన్యంలో చేరాడు. 1813 ఏప్రిల్‌లో యార్క్ (నేటి టొరంటో) పట్టణంపై జరిగిన దాడిలో బ్రిటిష్ వారి మందుగుండు కొట్టు పేలి వందల మంది గాయపడ్డారు. అప్పుడు ఈయన విరామం లేకుండా క్షతగాత్రుల కాళ్ళూ చేతులూ తొలగించవలసి వచ్చింది. మత్తుమందు వాడుకలోకి రావడానికి ఇంకా ముప్పై ఏళ్ళకు పైగా ఉంది.

యుద్ధానంతరం 1815లో సైన్యం విడిచి, న్యూయార్క్ రాష్ట్రంలోని ప్లాట్స్‌బర్గ్ అనే చిన్న ఊరిలో వైద్యం ప్రారంభించాడు. యుద్ధకాలపు మిత్రుడు జోసఫ్ లోవెల్ సైన్యానికి సర్జన్ జనరల్ అయిన తరువాత, ఆయన ద్వారా మళ్ళీ సైన్యంలో చేరి, 1820లో మాకినా కోటకు వైద్యుడుగా వెళ్ళాడు. హ్యూరాన్, మిచిగన్ సరస్సులు కలిసే చోట ఉన్న ఈ దీవి ఉన్ని తోళ్ళ వర్తకానికి కేంద్రం. 1821లో డెబోరా ప్లాట్‌ను వివాహమాడాడు.

సెయింట్ మార్టిన్ గాయం

1822 జూన్ 6న దీవిలోని అమెరికన్ ఫర్ కంపెనీ దుకాణంలో ప్రమాదవశాత్తు తుపాకీ పేలి, మూరెడు దూరంలో నిలబడిన సెయింట్ మార్టిన్‌కు ఎడమ రొమ్ము క్రింద తగిలింది. ఇతడు పడవలు నడిపే ఫ్రెంచ్ కెనడియన్ కూలీ. బోమాంట్ లెక్క ప్రకారం వయసు పద్దెనిమిది. పక్కటెముకలు విరిగి, ఊపిరితిత్తిలో కొంత భాగం బయటకు వచ్చింది. జీర్ణాశయానికి పడిన రంధ్రంలోనుండి ఆ ఉదయం తిన్న ఆహారం కారుతోంది. బ్రతుకుతాడని బోమాంట్ అనుకోలేదు. మొదటి పదిహేడు రోజులు తిన్నదంతా గాయంలోనుండి బయటకు వచ్చేయడంతో గుదమార్గం ద్వారా పోషణ ఇవ్వవలసి వచ్చింది. క్రమంగా మనిషి కోలుకున్నాడు గాని రంధ్రం మాత్రం పూడలేదు. జీర్ణాశయపు అంచులు చర్మంతో అతుక్కొని బయటికి తెరుచుకొన్న ద్వారంగా మిగిలిపోయింది. కాలక్రమాన దానికి లోపలినుండి ఒక సహజమైన కవాటం ఏర్పడింది. వేలితో దానిని నెడితే లోపలి భాగం కనిపించేది.

1823లో స్థానిక అధికారులు ఇక పోషించలేమని, ఇతనిని పడవలో స్వదేశానికి పంపివేయ నిశ్చయించారు. ఆ ప్రయాణం తట్టుకోలేడని బోమాంట్ అతనిని తన ఇంటికి తెచ్చుకున్నాడు. అది దయా, లేక స్వార్థమా అన్నది చరిత్రకారులు నేటికీ తేల్చలేదు. రెండూ కలిసి ఉండవచ్చు. కొంత కోలుకున్న తరువాత మార్టిన్ ఆ ఇంట కట్టెలు కొట్టే నౌకరుగా పనిచేశాడు.

ప్రయోగాలు

అప్పటికి జీర్ణక్రియపై ఏకాభిప్రాయం లేదు. జీర్ణాశయం ఆహారాన్ని రుబ్బుతుందని కొందరు, పులియబెడుతుందని కొందరు, వేడితో ఉడికిస్తుందని కొందరు భావించేవారు. (జఠరాగ్ని అనే మన మాటలోనూ ఈ చివరి భావనే కనిపిస్తుంది.) ఇటలీకి చెందిన స్పలన్‌జానీ జఠర రసానికి ఆహారాన్ని కరిగించే శక్తి ఉందని చూపినా, అది అందరి ఆమోదం పొందలేదు.

1825 ఆగస్టు 1న బోమాంట్ మసాలా వేసి వండిన గొడ్డుమాంసం, పచ్చి ఉప్పు పందికొవ్వు, పచ్చి ఉప్పు గొడ్డుమాంసం, ఉడికించిన ఉప్పు మాంసం, నిలవ రొట్టె, పచ్చి క్యాబేజీ ముక్కలను పట్టుదారానికి కట్టి రంధ్రం గుండా లోపలికి దించాడు. గంట తరువాత తీసిచూస్తే క్యాబేజీ, రొట్టె సగం కరిగాయి. మాంసాలలో మార్పు లేదు. రెండవ గంటకు క్యాబేజీ, రొట్టె, పందికొవ్వు, ఉడికిన మాంసం దారంపై మిగలలేదు. ఆ సాయంత్రానికి మార్టిన్‌కు కడుపులో బాధ మొదలవగా ప్రయోగం ఆపవలసి వచ్చింది.

కొద్ది రోజులకే మార్టిన్ చెప్పకుండా కెనడా వెళ్ళిపోయి, పెళ్ళి చేసుకున్నాడు. 1829లో బోమాంట్ అతనిని భార్యాబిడ్డలతో సహా మిసిసిపీ తీరాన ఉన్న క్రాఫర్డ్ కోటకు రప్పించాడు. 1831లో వారు తిరిగి వెళ్ళిపోయారు. 1832లో ఇద్దరి మధ్య ఒక ఒప్పంద పత్రం రాయబడింది. దాని ప్రకారం సంవత్సరానికి 150 డాలర్లు, తిండి, బట్ట, వసతి ఇస్తారు. మార్టిన్ బోమాంట్ పిలిచిన చోటికి వెళ్ళి ప్రయోగాలకు ఒప్పుకోవాలి. చదువురాని మార్టిన్ సంతకానికి బదులు గుర్తు పెట్టాడు. లోవెల్ అతనిని సైన్యపు పద్దులో సార్జంటుగా చూపి జీతం కూడా ఏర్పాటు చేశాడు.

మొత్తం 238 ప్రయోగాల ఫలితాలు, 51 నిర్ధారణలతో బోమాంట్ 1833లో ప్లాట్స్‌బర్గ్‌లో గ్రంథం ప్రచురించాడు. జఠర రసం శరీరం వెలుపల, సీసాలో కూడా, సుమారు 100 డిగ్రీల ఫారెన్‌హీట్ వేడిలో ఆహారాన్ని కరిగిస్తుందని ఆయన చూపాడు. కనుక జీర్ణం కావడం రసాయన క్రియే. ఆ రసాన్ని పరిశీలించిన వర్జీనియా ఆచార్యుడు రాబ్లీ డంగ్లిసన్ అందులో హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఉందని నిర్ధారించాడు. కోపం, మద్యం జీర్ణాశయపు స్థితిని మారుస్తాయని కూడా బోమాంట్ గమనించాడు. ఏ పదార్థం ఎంతసేపట్లో జీర్ణమవుతుందో తెలిపే ఆయన పట్టికలో ఉడికిన అన్నానికి ఒక గంట, కాల్చిన పందిమాంసానికి ఐదుంబావు గంటలు పట్టాయి. ఆమ్లంతోపాటు పనిచేసే పెప్సిన్‌ను మాత్రం ఆయన గుర్తించలేదు. దానిని 1836లో జర్మనీకి చెందిన ష్వాన్ కనుగొన్నాడు.

సెయింట్ లూయీలో వైద్యవృత్తి

1834లో బోమాంట్‌కు సెయింట్ లూయీ సమీపంలోని జెఫర్సన్ బారక్స్‌కు బదిలీ అయింది. లోవెల్ 1836లో మరణించిన తరువాత పై అధికారులతో పొసగక, 1840 నాటికి సైన్యం నుండి వైదొలగి పూర్తిగా ప్రజలకు వైద్యం చేయడానికే అంకితమయ్యాడు. అదే సంవత్సరం ఆండ్రూ డేవిస్ అనే పత్రికాధిపతి తలకు తగిలిన దెబ్బకు ఆయన పుర్రెకు రంధ్రం వేసి చికిత్స చేశాడు. రోగి మరణించగా, చంపింది తన దెబ్బ కాదు, వైద్యుని శస్త్రచికిత్సేనని నిందితుని పక్షం న్యాయస్థానంలో వాదించింది. 1849లో కలరా ఆ నగరాన్ని చుట్టుముట్టినపుడు బోమాంట్ నగరంలోనే ఉండి రోగులను చూశాడు.

1834లో వెళ్ళిన మార్టిన్ మరి తిరిగి రాలేదు. బోమాంట్ ఏళ్ళ తరబడి ఉత్తరాలు వ్రాసినా ఫలితం లేకపోయింది. 1853 మార్చిలో ఒక రోగిని చూచి తిరిగి వస్తూ మంచు గడ్డకట్టిన మెట్లపై జారిపడి తలకు గాయమై, మరుసటి నెల బోమాంట్ మరణించాడు. బెల్‌ఫాంటేన్ శ్మశానంలో ఈయన సమాధి ఉంది. ఎల్ పాసో నగరంలోని సైనిక వైద్య కేంద్రానికి ఈయన పేరు పెట్టారు.

మార్టిన్ వైద్యునికంటే ఇరవై ఏడేళ్ళు ఎక్కువగా బ్రతికి, 1880 జూన్ 24న క్యూబెక్‌లో మరణించాడు. ప్రసిద్ధ వైద్యుడు విలియమ్ ఆస్లర్ జీర్ణాశయాన్ని పరీక్షకు కోరగా కుటుంబీకులు అంగీకరించలేదు. వైద్యులకు పనికిరాకుండా పోయేందుకు వేసవి ఎండలో శవాన్ని పాడయ్యేదాకా ఉంచి, తవ్వి తీయడానికి వీలు లేకుండా ఎనిమిది అడుగుల లోతు గోతిలో పూడ్చారు.