రెండు పట్టీలు: మన్యపు క్రైస్తవసంఘ చరిత్రలో కనికరము

అరకులోయకు వాయవ్యమున నందపురము దాటి కోరాపుటు, జయపురముల వరకు వ్యాపించియున్న కొండసీమ యంతయు, 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా వేరు రాష్ట్రముగా ఏర్పడు పర్యంతము, మన విశాఖపట్టణ మన్యములోని భాగమే. గదబలు, పరజలు, కొండదొరలు, కోటియాలు నివసించుచు జయపుర ప్రభువుల యేలుబడిలో నుండిన ఆ సీమకు, 1882వ సంవత్సరమున, జర్మనీ దేశపు బ్రెక్లుం గ్రామమున స్థాపితమైన లూథరన్ మిషను పక్షమున ఎర్నెస్టు పోల్, హెర్మన్ బోత్‌మన్ అను ఇరువురు బోధకులు వచ్చిరి. కొండల దిగువనున్న సాలూరు, పార్వతీపురము వంటి తెలుగు ఊళ్ళకును వారి మిషను క్రమముగా విస్తరించెను.

వారి బోధ విని సంఘమున చేరినవారిలో అధికసంఖ్యాకులు డొంబులు. వీరు మగ్గము నేయువారు, పెండ్లిండ్లకును పండుగలకును వాద్యములు వాయించువారు, మైదానపు సరకును కొండలకును కొండసరకును సంతలకును చేరవేయు చిల్లర వర్తకులు. పల్లెలో అందరికిని వీరితో పని కలదు. అయినను వీరి స్పర్శ అందరికిని మైలయే. ఉప్పు, బట్ట, అప్పు వీరి చేతిమీదుగా నడచుటచేత అనుమానమును వీరిమీదనే నిలిచెను. ఎవని పశువు తప్పిపోయినను ముందుగా తట్టబడునది డొంబువాని తలుపే. 1907లో ఫ్రాన్సిస్ దొర వెలువరించిన జిల్లా గెజెటీరు సైతము ఈ జాతికి చౌర్యమును ఒక వృత్తివలె అంటగట్టినది.

గెజెటీరు మాటకంటెను శాసనము కఠినతరమైనది. 1871లో ఉత్తరదేశమున పుట్టిన నేరస్థజాతుల చట్టము 1911లో సవరింపబడి మద్రాసు రాజధానికిని వర్తించెను. తండ్రి పేరు పోలీసు పట్టీ కెక్కిన పిమ్మట, కుమారుడు ఏ నేరము నెరుగకయే నేరస్థుడుగా పెరుగవలసివచ్చెను. హాజరు చెప్పక గడప దాటరాదు, చీటి లేక పొరుగూరికి పోరాదు. 1913 ప్రాంతమున, అట్లు పట్టీ కెక్కిన ఎరుకల కుటుంబములకై బాపట్ల చేరువను వెలసిన స్టూవర్టుపురమును సాల్వేషన్ ఆర్మీవారును, కావలి సెటిల్‌మెంటును అమెరికన్ బాప్టిస్టు మిషనుకు చెందిన బావ్డెన్ దొరయు నడపిరి. వారు చూపిన దయ కపటము కాదు. భూమి నిచ్చిరి, బడి పెట్టిరి, పని చూపిరి. కాని ఒక చేత వేదగ్రంథమును, వేరొక చేత హాజరుపట్టీని ధరించిన మనుష్యుడు తాను నీతిమంతుడననియు, ఎదుటివాడు దిద్దబడవలసిన వస్తువనియు తలంచుట యెంత సులభము! స్వనీతి యనునది క్రూరులకంటె సజ్జనులనే తరచుగా ఆశ్రయించును. క్రూరునికి తన నీతిపై నమ్మకముండుట అరుదు.

అట్టి కాలముననే మన్యపు సంఘములలో వేరొక పట్టీ వ్రాయబడుచుండెను. అది బాప్తిస్మపు పుస్తకము. పోలీసు పట్టీలో పేరు చేరుట పూర్వచరిత్రచేత. ఈ పుస్తకములో పేరు చేరుట ఆ పూర్వచరిత్ర క్షమింపబడినదను విశ్వాసముచేత. లూథరన్ ఆరాధనక్రమమున తొలుత జరుగునది పాపముల యొప్పుకోలు. దానిని పాదిరియు ప్రజలును కలసియే చెప్పుదురు. దొరల దేశమునుండి వచ్చిన పండితుడును, సంతలో దొంగయని పిలువబడిన నేతగాడును ఒకే మాటలతో తమ దోషము నొప్పుకొని ఒకే క్షమావాక్యమును వినునట్టి చోట, ఎవడు ఎవనిపై హాజరుపట్టీ పట్టగలడు? జాతిభేదమును శాసనము పాటించిన దినములలో ఈ సామ్యము స్వల్పమైనది కాదు.

అయినను సంఘమున చేరినంతమాత్రమున స్వనీతి నశించుననుట పొరపాటు. కల్లు మానినవాడు మానలేనివానిని, చదువు నేర్చినవాడు నేర్వనివానిని, గ్రామదేవతను విడిచినవాడు కొలుచు పొరుగువానిని చిన్నచూపు చూచుట ప్రతి సంఘమునకును పొంచియున్న శోధనయే. క్రీస్తు చెప్పిన ఉపమానమున దేవాలయమునుండి నీతిమంతుడుగా ఇంటికి మరలినవాడు ఉపవాసములు లెక్కించుకొన్న పరిసయ్యుడు కాడు, రొమ్ము కొట్టుకొన్న సుంకరి. ఆ సుంకరియు ఏలికలకును ప్రజలకును నడుమ నిలిచి ధనవ్యవహారము చేసి ఇరువైపులను నిందపడిన మనుష్యుడే. ఆ కథ మన్యపు సంతలో ఎంత చక్కగా అర్థము కావలెనో వేరుగ చెప్పనక్కరలేదు.

కనికరము పాపిని చేర్చుకొనుటతో ముగియదు. తనకు అపకారము చేసినవాని యెడ అది పరీక్షింపబడును. 1999 జనవరి 22వ తేదీ రాత్రి, ఒరిస్సాలోని కెందుఝర్ జిల్లా మనోహరపురమున, బారిపదలో చిరకాలము కుష్ఠురోగుల సేవ చేసిన గ్రహాం స్టెయిన్స్‌ను, పదేండ్ల ఫిలిప్, ఆరేండ్ల తిమోతి యను కుమారులతోకూడ వాహనములోనే దహించిరి. ఆయన భార్య గ్లాడిస్ హంతకులను క్షమించితినని లోకమెల్ల వినునట్లు పలికి, మరి అయిదేండ్లు ఆ రోగుల నడుమనే నిలిచి సేవించెను. న్యాయస్థానములు తమ పని తాము చేసెను. ప్రధాన నిందితునకు విధింపబడిన యావజ్జీవ శిక్షను 2011లో సుప్రీంకోర్టు ఖాయపరచెను. శిక్ష రాజ్యధర్మము, ద్వేషమును విడుచుట విశ్వాసి ధర్మము. రెండవది మొదటిదానికి అడ్డురాలేదు. ఆమె క్షమను పొందుటకు ముందు ఎవరును యోగ్యత చూపవలసిన పనియు లేకపోయెను.

నేరస్థజాతుల చట్టము 1952లో దేశమంతట రద్దయ్యెను. కాని చట్టము తీసివేసిన పట్టీని మనుష్యులు మనస్సులో వ్రాసికొనుట మానలేదు. నేడు అరకు, పాడేరు, సాలూరు ప్రాంతముల సంఘములలో తాతలనాడు దొంగలని నిందింపబడినవారి మనుమలు ఉపాధ్యాయులై, దాదులై, కాపరులై యున్నారు. ఒకనాడు తమకు లభించిన కనికరమునే కొలతగా గైకొని, నేడు తప్పిపోయిన పడుచువానిని, త్రాగుబోతును, వేరు దేవుని కొలుచు పొరుగువానిని వారు చూడవలెను. తీర్పు తీర్చు అధికారము ఆ సంఘమునకు పూర్వులనుండి సంక్రమించలేదు; సంక్రమించినది క్షమాపణ ఒక్కటే. దానినే వారు పంచిపెట్టగలరు, పంచిపెట్టవలెను.