పరోపకార గుణం ఎలా నిలిచింది? అంతఃప్రజననం, జన్యువుల పాత్ర ఏమిటి?

తన మనుగడకు, సంతానోత్పత్తికి నష్టమైనా తోటి జీవికి మేలు చేయడాన్ని జీవశాస్త్రంలో పరోపకారం అంటారు. ప్రకృతి వరణంలో ఈ గుణం ఎలా నిలిచిందన్నది డార్విన్ కాలం నాటి ప్రశ్న.

హామిల్టన్ నియమం

బ్రిటిష్ శాస్త్రవేత్త డబ్ల్యూ.డి. హామిల్టన్ 1964లో దీనికి సమాధానం చూపారు. సాయం పొందిన జీవికి కలిగే మేలును బంధుత్వ గుణకంతో హెచ్చించగా వచ్చే విలువ, సాయం చేసిన జీవికి కలిగే నష్టాన్ని మించితే ఆ గుణం వ్యాపిస్తుంది. సాధారణంగా తోబుట్టువుల మధ్య ఈ గుణకం 1/2, తోబుట్టువుల పిల్లల మధ్య 1/8. దగ్గరి బంధువులే తరతరాలుగా జతకట్టే అంతఃప్రజననంలో ఇది మరింత పెరుగుతుంది.

బహిర్గతం, అంతర్గతం

బహిర్గత జన్యువు ఒక్క ప్రతి ఉన్నా తన ప్రభావం చూపుతుంది. అంతర్గత జన్యువుకు రెండు ప్రతులూ కావాలి. ఒక అంతర్గత జన్యువు వాటా నూటికి ఒకటి అనుకుంటే, యాదృచ్ఛికంగా జతకట్టే సమూహంలో ఆ లక్షణం 10,000 జీవుల్లో ఒకదానిలోనే కనిపిస్తుంది. తోబుట్టువులు జతకడితే వాటి సంతానంలో సుమారు 26కు చేరుతుంది. అంటే మరుగున ఉన్న పరోపకార జన్యువు ప్రకృతి వరణానికి ఎదురుపడుతుంది. అంతఃప్రజననం సంపూర్ణమైతే ప్రతి జీవిలోనూ రెండు ప్రతులు ఒకటే కాబట్టి బహిర్గత, అంతర్గత భేదానికి ప్రాధాన్యమే ఉండదు.

సాలీళ్ల సాక్ష్యం

భారత్‌లో కనిపించే స్టెగోడైఫస్ సారసినోరమ్ సాలీళ్లు ఇందుకు ఉదాహరణ. ఆంధ్రప్రదేశ్‌లోని కుప్పం పరిసరాల్లోనూ వీటిపై అధ్యయనాలు జరిగాయి. ఇవి ఉమ్మడి గూటిలో ఉంటూ, కలిసి వేటాడి, గూటిలోని వాటితోనే జతకడతాయి. తల్లి చివరకు తన దేహాన్నే పిల్లలకు ఆహారంగా ఇస్తుంది.

అయితే బంధుత్వం ఒక్కటే చాలదు. ఒకేచోట పెరిగే బంధువులు ఆహారం కోసం పరస్పరం పోటీ పడితే సాయం వల్ల కలిగే లాభం తగ్గుతుంది.

అదే లెక్క, మరో ఫలితం

అంతఃప్రజననం మేలు చేసే జన్యువులను మాత్రమే బయటపెట్టదు. పై లెక్కలోని జన్యువు వ్యాధికారకమైతే, మేనరికపు దంపతుల సంతానంలో ముప్పు 10,000కు సుమారు 7, మేనమామ, మేనకోడలు దంపతుల సంతానంలో సుమారు 13. సాలీళ్లలో సహకారానికి తోడ్పడిన సూత్రమే మానవ కుటుంబాల్లో వంశపారంపర్య వ్యాధుల ముప్పునూ పెంచుతుంది.