జపాను వారి చప్పుడు మాటలు

1871వ సంవత్సరము మొదలు 1929 వరకు టోక్యో నగరమున ప్రతిదినము మధ్యాహ్నము పండ్రెండు గంటలకు చక్రవర్తి ప్రాసాదపు ఆవరణలో ఒక ఫిరంగి ప్రేలెడిది. ప్రొద్దెంతైనదో దానినిబట్టి ఊరంతయు తెలిసికొనెడిది. ప్రభుత్వమువారు దానికి పెట్టిన పేరు వేరుగా కలదు గాని, ప్రజలు దానిని ‘దొన్’ అనియే పిలిచిరి. చప్పుడే పేరైనది. ఈ చిన్న మాటను మనము జ్ఞాపకముంచుకొందము. తుదకు దానికడకే మరల రావలసియున్నది.

జపాను భాషలో ఇట్టి మాటలు వేలకొలదిగా నున్నవి. మన ‘గలగల’, ‘తళతళ’, ‘చిటపట’ లెట్టివో అవియు నట్టివే. వాన సన్నగా పడిన ‘షితొ షితొ’, కుండపోతగా కురిసిన ‘జా జా’. ఆకలిచే కడుపు నకనకలాడిన ‘పెకొ పెకొ’. గులకరాయి ‘కొరొ కొరొ’ దొర్లును, బండరాయి ‘గొరొ గొరొ’ దొర్లును. తలుపు మెల్లగా తట్టిన ‘తొన్ తొన్’, గట్టిగా బాదిన ‘దొన్ దొన్’. మన వైయాకరణులు గ జ డ ద బలకు సరళములని పేరిడిరి. జపానువారి చెవికి మాత్రము అవియే బరువైనవి. ఇంకొక పోలిక. మనము ‘తళుక్కుమని మెరసెను’ అందుము. వారును ‘పికా’ అను మాటకు మన ‘అని’ వంటిదగు ‘తొ’ను చేర్చి చెప్పుదురు. మెరుపే నోరు తెరచి పలికినట్లు రెండు భాషలవారును భావించుట వింతగా నున్నది. ఏ చప్పుడును లేకుండుటకు సైతము వారికొక చప్పుడు మాట కలదు: ‘షీన్’. రేడియో కట్టివేసిన వెనుక ఇంట నెలకొనునది అదియే కాబోలు.

ఈ మాటలు పిల్లల ముచ్చటలని తలచి పండితులు చాలకాలము చిన్నచూపు చూచిరి. కాని వాని వయస్సు తక్కువది కాదు. 712లో ఓ నొ యసుమరొ కూర్చిన ‘కొజికి’ జపానువారి ప్రాచీన గ్రంథములలో నొకటి. అందు ఇజనగి, ఇజనమి అను దేవతలు రత్నఖచితమైన ఈటెను సముద్రములో దింపి ఉప్పునీటిని చిలుకుదురు. ఆ చిలుకుటకు గ్రంథకర్త వాడిన మాట ‘కొవొరొ కొవొరొ’. ఈటె కొననుండి జారిన బొట్లు పేరుకొని తొలి దీవియైనది. అనగా ఆ దేశపు పుట్టుక కథలోనే చప్పుడు మాట యున్నదన్నమాట.

ఎనిమిదవ శతాబ్దమున వెలసిన ‘మన్యోషూ’ కవితా సంకలనములో మరియొక చమత్కారము కలదు. అప్పటికి జపానువారికి సొంతలిపి లేదు. చీనా లిపితోనే తమ మాటలు వ్రాసికొనిరి. ఒక కవితలో ‘ఇ’ అను ధ్వనికి ‘గుఱ్ఱపు కూత’ అనియు, ‘బు’ అను ధ్వనికి ‘తేనెటీగ మ్రోత’ అనియు అర్థమిచ్చు చీనా అక్షరములు కనబడును. తేనెటీగ ‘బు’ అనుట మనకు తెలియును. గుఱ్ఱము ‘ఇ’ అనుటెట్లు? ‘హిన్’ అనవలదా? ఆ కాలపు జపాను భాషలో ‘హ’ అను ధ్వనియే లేదని హషిమొతొ షిన్‌కిచి అను భాషావేత్త దీనికి సమాధానము చెప్పెను.

నేటి ‘హ’ పూర్వము ‘ప’గా నుండెనని 1898లోనే ఉయెదా కజుతొషి వాదించియుండెను. ఆ ‘ప’ కాలక్రమమున ‘ఫ’యై, పిదప ‘హ’ అయినది. 1603లో నాగసాకిలో క్రైస్తవ ఫాదిరీలు అచ్చువేసిన జపాను–పోర్చుగీసు నిఘంటువులో ఈ ధ్వనిని ‘ఫ’గానే వ్రాసిరి. చప్పుడు మాటలు మాత్రము ఈ మార్పునకు లొంగలేదు. వెలుగునకు నేడు ‘హికరి’ అందురు. మెరయుటకు ‘పికా పికా’యే నిలిచినది. కోడిపిల్ల పేరు ‘హియొకొ’, అది కూయునది ‘పియొ పియొ’. పండితుల నోట మాసిపోయిన ధ్వని కోడిపిల్లల నోట మిగిలినది!

అన్నియు నిట్లు నిలిచినవని కాదు. నేటి జపాను కుక్క ‘వన్ వన్’ అని మొరుగును. పూర్వము ‘బియొ’ అని మొరిగెడిదని యమగుచి నకమి 2002లో ఒక పుస్తకముగా వ్రాసిరి. ‘ఓకగమి’ అను పాత చరిత్రకథలో, చనిపోయిన కుక్కకు జరిపిన శ్రాద్ధమున ఒక భిక్షువు, అది యిపుడు పద్మపీఠముపై ‘బియొ’ అని మొరుగుచుండునని ప్రసంగించును. కుక్కలు మారలేదు, విను చెవులు మారినవి.

ఇక ‘దొన్’ కడకు వత్తము. 1945 ఆగస్టు 6వ తేదీ ఉదయము 8 గంటల 15 నిమిషములకు హిరోషిమాపై అణుబాంబు పడినది. అది యేమియో నగరవాసులెరుగరు. దానికి వారి భాషలో పేరు లేదు. ముందు కన్నులు జిగేలుమనిపించిన వెలుగు, ఆపై చప్పుడు. ప్రజలు ఆ రెంటిని చేర్చి ‘పికాదొన్’ అనిరి. ఆ సెప్టెంబరులోనే అమెరికా సైన్యాధికారులు పత్రికలకు నిబంధనలు విధించిరి. బాంబును గూర్చి స్వేచ్ఛగా వ్రాయుటకు వీలులేకపోయెను. జనుల నోట ఈ మాట మాత్రము నిలిచినది. 1950లో మరుకి ఇరి, తొషి దంపతులు ఆనాటి దృశ్యములను గీసి ప్రకటించిన చిన్న బొమ్మల పుస్తకమునకు ఈ మాటనే పేరుగా పెట్టిరి.

ఊరికి దూరముగా నున్నవారు ‘పికాదొన్’ అనిరి. బాంబు పడిన చోటికి మిక్కిలి చేరువలో నుండి బ్రతికినవారిలో పలువురు ‘పికా’ అని మాత్రమే అనిరి. వారికి ‘దొన్’ వినబడలేదు.